పిడికెడు బియ్యము: నల్లరేగడి సీమలోని తెలుగు లంకల ధర్మచరిత్ర

ఏటి నడుమ నీరు చుట్టిన నేలను మనవారు లంక యందురు. లంకలో కాపురమున్నవారికి ఒక ధర్మము సహజముగనే అలవడును. వరద వచ్చిననాడు ఆవలి గట్టువారు వచ్చువరకు ఆగుటకు వీలులేదు గనుక, ఉన్నదానినే పదిమందియు పంచుకొని నిలువవలెను. గోదావరి పాయల నడిమి కోనసీమలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళయనక, కులమనక, వచ్చినవారికెల్ల అన్నము పెట్టి తెలుగునాట చిరకీర్తి గాంచిరి. ఆ యిల్లాలు సంస్థానాధీశురాలు కారు. ఒక రైతు గృహిణి. ఆమె ధర్మమునకు మూలధనము ఇంటి పంటయు, ఆరని పొయ్యియు మాత్రమే.

కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతములందలి తెలుగు కుటుంబములదియు ఒక విధముగా లంకవాసమే. ఇచట చుట్టునున్నది నీరు కాదు, నీటి కరవు. మన పల్లెలను చుట్టియున్నది తమిళ భాషాసముద్రము. దాని నడుమ ఇచట నాలుగిండ్లు, అచట నలువది యిండ్లుగా మన మాట నిలిచియున్నది. ఈ లంకలలో ధర్మకార్యములు ఏ రీతిని నడచినవో, వానిని నడపినది గొప్పవారి పెద్ద చేతులా, సామాన్యుల చిన్న పిడికిళ్ళా యని విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. వృత్తిరీత్యా గుమాస్తాను, చిట్టా వ్రాసి, దానినుండి ఆవర్జాకు ఎక్కించుటయే నా జీవితకాలపు పని. కావున చరిత్రనుగూడ జమాఖర్చుల దృష్టితోనే చూచుట నాకు అలవాటు. చదువరులు మన్నింతురు గాక.

మనవారీ సీమకు వచ్చుట ఒక్కనాటి కథ కాదు. విజయనగర ప్రభువుల కాలమునను, 16వ శతాబ్దిలో విశ్వనాథనాయకుడు మధురను ఏలిన పిమ్మటను, తండములు తండములుగా తెలుగువారు దక్షిణమునకు దిగిరి. పాలెగాండ్రు కొందరు, సైనికులు కొందరు, నల్లరేగడిని నమ్మి నాగలి పట్టిన కాపులు పెక్కుమంది. ఎట్టయపురము, పాంచాలంకురిచి సంస్థానములు రాజకంబళ నాయకులవి. రాజపాళయమున రాజులు, పల్లెపల్లెను కమ్మవారు, రెడ్లు, చెట్లు, అరుంధతీయులు స్థిరపడిరి. పత్తికి ఈ నల్లనేల పెన్నిధియేగాని, మనుష్యుని దాహమునకు మాత్రము పరమలోభి. వాన కురిసిననాడు కాలు దిగబడును, ఎండ కాసిననాడు బీటలు వారును. అందువలన ఇచట మొదటి ధర్మము అన్నము కాదు, నీరు.

ఈ జలధర్మమునకు రాచబాటను చూపినవారిలో రాణి మంగమ్మ ముఖ్యురాలు. 17వ శతాబ్ది చివర మనుమని పక్షమున మధుర రాజ్యమును పాలించిన ఈమె వేయించిన బాటలును, నాటించిన చెట్లును, కట్టించిన సత్రములును నేటికిని జనుల నోట నున్నవి. మధుర రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరిటి సత్రము కలదు. కాని రాణి కట్టించినది రాచబాటమీది సత్రము. పల్లెకు పల్లెకు నడుమనున్న కాలిబాటలో దాహము తీర్చినవారెవరు? పేరు తెలియని గృహస్థులు. వేసవిలో తాటాకు పందిరి వేసి, మట్టికుండలలో నీరును మజ్జిగయు నుంచి, చలివేంద్రమును నడపుట ఒక్కొక్క ఇంటివారి వంతు. ఊరివారి త్రాగునీటికై త్రవ్విన కుంటను ఇచట ఊరణి యందురు. దానిలో పశువులు దిగకుండ కాపు కాయుటయు వంతులవారీ పనియే.

బాటప్రక్కన నిలువుగా రెండు రాళ్ళు, వానిపై అడ్డముగా ఒక రాయి కలిగిన కట్టడమును ఈ ప్రాంతమున చూడని వారుండరు. తమిళులు దీనిని సుమైతాంగి యందురు. తలమీది బరువును మరియొకరి సాయము లేకయే దింపుకొని, అలసట తీరిన పిమ్మట మరల ఎత్తుకొనుటకు ఇది యనుకూలము. గర్భముతో మరణించిన స్త్రీల పేరిట దీనిని నిలుపుట ఆచారము. దింపుకొనలేని భారముతో వెళ్ళిపోయిన తల్లి ఆత్మకు, దారినపోవువారి భారము దిగినప్పుడెల్ల శాంతి కలుగునని పెద్దల విశ్వాసము. ఒక ఇంటి దుఃఖము దేశమునకు ఉపకారముగా మారుటకు ఇంతకన్న మంచి నిదర్శనము నాకు కానరాదు.

ఇక దేహశ్రమతో చేయు ధర్మము. చెరువు పూడిక తీయుటకు ఇంటికొక మనిషి పలుగు, పార, తట్టలతో రావలెనని ఏటేట చావడిలో నిర్ణయించుచుండిరి. దీనికి కుడిమరామత్తు అని పేరు. ఇది కూలిపని కాదు, దానమును కాదు. తన నీటికి తాను చెల్లించు ఋణము. ఈ కట్టుబాటును శాసనముతో బిగింపవలెనని దొరతనమువారు 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టమును తెచ్చిరి. కాని కాగితముమీది నిర్బంధము చావడిలోని మాటకు సాటి రాలేదు. చెరువు సర్కారుదను భావము పెరిగినకొలది ఊరివారి పార మూలకు చేరినది. మనస్ఫూర్తిగా చేయు పనికి నిర్బంధము ఊతము కాదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఆవర్జాలో జమ వైపు మాత్రమే చూపి ఖర్చు వైపు దాచుట మంచి గుమాస్తా పని కాదు. మన పూర్వుల ధర్మమునకు హద్దులుండెను. బావి త్రవ్విన చేతులలో అరుంధతీయుల చేతులును కలవు. కాని ఆ బావిలో చేద వేయు హక్కు వారికి చాలకాలము లేకుండెను. వారును తెలుగువారే. పాదరక్షలు కుట్టి, మోటకు తోలుతిత్తులు సిద్ధపరచి, సేద్యమును నిలిపినవారిలో వారొకరు. తరతరములుగా తెలుగుమాటను ఇండ్లలో నిలుపుకొనినవారును వారే. ఏ ధర్మమైనను పంక్తిలో ఒకరిని లేపివేసినచో దానికి పుణ్యమను పేరు చెల్లదు.

విరుదునగరము నేర్పిన పాఠ మింకొకటి కలదు. 1923 వరకు విరుదుపట్టి యనబడిన ఈ ఊరు వర్తకులకు నిలయము. ఇచటి నాడారు వర్తకులకు ఆనాడు పెక్కు దేవాలయముల తలుపులు మూయబడియుండెను. తెరువని తలుపుల యెదుట నిలిచి కాలము గడపక, వారు తమ తలుపులను తామే నిర్మించుకొనిరి. దానికి సాధనము మహమై యను నిధి. పేటలో అమ్ముడుపోయిన ప్రతి మూటకును, ప్రతి బేలుకును ఇంతయని ఒక స్వల్పాంశమును వర్తకుడు తీసి పొత్తు నిధిలో వేయును. అమ్మకము హెచ్చిననాడు హెచ్చు, తగ్గిననాడు తగ్గు. ఆ చిల్లర సొమ్ముతోనే బావులు, సత్రములు, గుళ్ళు, బళ్ళు వెలసినవి.

19వ శతాబ్ది చివరి దశకములలో వెలసిన క్షత్రియ విద్యాశాల అట్టి బళ్ళలో ప్రసిద్ధము. దాని పోషణకై మహమైతోపాటు మరియొక యేర్పాటు జరిగినది. దానిని తమిళమున పిడి అరిసి యందురు, అనగా పిడికెడు బియ్యము. వంటకు బియ్యము కొలుచు సమయమున ప్రతి ఇల్లాలును ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. బడి పక్షమువారు వచ్చి ఆ బియ్యమును ప్రోగుచేసి, అమ్మి, ఆ సొమ్మును పిల్లల చదువునకు వినియోగించుచుండిరి. 1903లో ఈ ఊరనే జన్మించిన కామరాజుగారు ఆ బడిలోనే చదివిరి. పిడికెడు తగ్గినంత మాత్రమున ఏ ఇంటను ఎవరికిని ఆకలి తీరకపోలేదు. కాని వేయి పిడికిళ్ళు చేరగా ఒక బడి నిలిచినది. 'తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరము' అని మన సామెత. పిడికెడు బియ్యములో ఆ చిక్కు లేదు. ఇచ్చువాడు చెడడు, పుచ్చుకొనువాడు తల వంచడు.

ఇట్టి పద్ధతి మనవారికి క్రొత్త కాదు. తెలుగునాట బీదపిల్లలు వారములు చేసుకొని చదువుకొనుట మన పెద్దలెరిగినదే. సోమవార మొక యింట, మంగళవార మొక యింట భోజనము. ఏడిండ్లు కలిసి ఒక విద్యార్థిని పెంచుట. ఏ ఇంటికిని భారము కాదు, పిల్లవానికి పస్తు లేదు. అది ఒక్కొక్క బాలునికై ఏడిండ్లు పడిన శ్రమ. విరుదునగరమున ఊరి బాలురందరికై ఊరిలోని ఇండ్లన్నియు పడిన శ్రమ. భేదము పరిమాణములోనేగాని గుణములో లేదు.

మనవారిలో పెద్ద చేతులును లేకపోలేదు. రాజపాళయపు తెలుగు కుటుంబమున 1898లో జన్మించిన పి. ఎస్. కుమారస్వామిరాజాగారు 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానపదవి వహించిరి. ఆ పిదప ఒరిస్సా గవర్నరుగా నుండిరి. తమ సొంత యింటిని గాంధీ కళామన్రమునకు ధారవోసిన త్యాగి ఆయన. అదే ఊరివారైన పి. ఎ. సి. రామస్వామిరాజాగారు 1936లో రాజపాళయము మిల్లును స్థాపించి, వర్తకలాభములో విద్యకు పాలు కలదని చేసి చూపిరి. కోవిల్పట్టిలో 1966 నుండి జి. వెంకటస్వామి నాయుడు కళాశాల నడచుచున్నది. సాత్తూరులో ఎస్. రామస్వామి నాయుడు స్మారక కళాశాల కలదు. వీనిలో చదివి పైకివచ్చిన తమిళులు, తెలుగువారు వేలమంది. ఈ దాతలు తమ భాషవారికే యని గిరి గీయలేదు. ఇది మనకు గర్వకారణము.

పెద్ద చేయి, చిన్న పిడికిలి, సర్కారు ఖజానా మూడును కలిసిన సందర్భ మొకటి మన ముంగిటనే జరిగినది. కామరాజుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు, 1956లో, బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకము కోవిల్పట్టికి చేరువనున్న ఎట్టయపురమున ఆరంభమైనది. తెలుగు పాలెగాండ్రు ఏలిన ఊరు. తమిళ మహాకవి భారతి పుట్టిన ఊరు. ఆకలితో వచ్చిన పిల్లవానికి అక్షరము తల కెక్కదని తన చిన్ననాటి ఊరిలోనే యెరిగిన ముఖ్యమంత్రి, సర్కారు సొమ్ముకై కాచుకొనియుండక, ముందు ఊరివారి చేయూతను అర్థించెను. పిదప ప్రభుత్వము చేరి, స్థూలముగా నూటికి 60 వంతులు తానిచ్చి, మిగిలిన 40 వంతులు స్థానికులకు విడిచెను. ఊరిలో సంఘ మేర్పడవలెను, ధాన్యము ప్రోగు చేయవలెను, పిల్లలకు వడ్డింపవలెను. ఉపాధ్యాయులును, రైతులును ఈ పనికి తలయొగ్గిరి. విరుదునగరపు పిడికెడు బియ్యమే రాష్ట్రమంతటికిని విస్తరి వేసినదనుట అతిశయోక్తి కాదు. విద్యాశాఖాధిపతి నె. దు. సుందరవడివేలుగారి పూనికతో 1958 నుండి పాఠశాలా అభివృద్ధి మహాసభలు జరిగి, జనులు బడులకు స్థలములు, గదులు, బల్లలు, పిల్లలకు దుస్తులు సమర్పించిరి.

ఈ తలపు మొట్టమొదట రూపుదాల్చినదియు ఒక తెలుగువాని చేతనే యని చెప్పుటకు సంతసించుచున్నాను. దేవాంగ కుటుంబమున జన్మించిన సర్ పిట్టి త్యాగరాయచెట్టిగారు అధ్యక్షులుగా నున్నపుడు, 1920లో, మద్రాసు కార్పొరేషను థౌజండ్ లైట్సు బడిలో పిల్లకు రోజునకు ఒక అణా మించకుండ ఫలహార మిచ్చుటకు తీర్మానించెను. 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారు మధ్యాహ్న భోజనమును పౌష్టికాహార పథకముగా విస్తరింపజేసిరి. 2022 సెప్టెంబరు 15న మధురలో ప్రాతఃకాలపు ఫలహార పథకము మొదలైనది. ఒక్క అణాతో నాటిన విత్తు నూరేండ్లలో వటవృక్షమైనది. ఒకే పంక్తిలో అన్ని కులముల పిల్లలు కూర్చుండుట ఈ వృక్షము నీడలో మనకు దక్కిన మరియొక ఫలము. నాడు బావివద్ద నిలువనీయబడని వాని మనుమడు నేడు పంక్తిలో అందరి ప్రక్కను తినుచున్నాడు.

1956కు మరియొక పుట కలదు. ఆ సంవత్సరము నవంబరు 1న రాష్ట్రములు భాషానుసారముగా పునర్వ్యవస్థీకరింపబడినవి. అంతకు మూడేండ్ల ముందు, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడినప్పుడే మనము మద్రాసు రాష్ట్రమున అల్పసంఖ్యాకులమైతిమి. అట్టివారి కొరకే 1956లో రాజ్యాంగమున 350 ఏ అధికరణము చేర్చబడినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాష్ట్రములు యత్నింపవలెనని దాని భావము. తరగతిలో 10 మంది గాని, బడిలో 40 మంది గాని విద్యార్థులున్నచో ఆ భాషకు ఉపాధ్యాయుని నియమింపవచ్చునని 1949నాటి విద్యామంత్రుల సమావేశము అంతకు ముందే తీర్మానించియుండెను. చట్టమున మనకు చోటు కలదు. కాని ఆ పదిమందిని బడికి పంపి, మాకు తెలుగు కావలెనని అడుగవలసినది ఎవరు? ఈ రాష్ట్రమున 2006నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. ఆ వరుసలోని తొలి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు చేరినది. తమిళము నేర్చుట మనకు కష్టమును కాదు, అనిష్టమును కాదు. ఇది మనకు అన్నము పెట్టిన భాష. విచారమెల్ల, బడిలో తెలుగునకు చోటు కుదించుకుపోవునప్పుడు ఇంటను చావడిలోను మనము దానికి పీట వేయకపోవుట.

కోవిల్పట్టి చేరువనున్న ఇడైచేవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్‌గారు మనవారే, ఇంట తెలుగు మాటాడు కుటుంబమువారు. తెలుగువారు దక్షిణమునకు వలసవచ్చి అడవి కొట్టి ఊరు నిలిపిన కథను 1976లో గోపల్ల గ్రామము అను నవలగా తమిళమున రచించిరి. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. 2021లో ఆయన పరమపదించిరి. మన వలసకథను మనవాడే ఇంత గొప్పగా వ్రాసెనుగదా యని సంతోషింతము; తమిళమునకు అదొక భూషణము. కాని ఆ కథను తెలుగు లిపిలో చదువగల పిల్లలు అదే పల్లెలలో ఎందరున్నారని మనలను మనము ప్రశ్నించుకొనవలదా? ఒకనాడు మధుర నాయకరాజుల కొలువులో తెలుగు వచనము వికసించినది. విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగున గ్రంథములు రచించెను. అట్టి సీమలో నేడు తాతపేర తెలుగులో వచ్చిన శుభలేఖను మనుమడు చదువలేక మరియొకరి చేతికిచ్చుచున్నాడు.

కావున మన ధర్మపు ఆవర్జాను ఒకమారు తిరుగవేయుదము. నీటికి ఖాతా కలదు. అన్నమునకు కలదు. గుడికి కలదు, బడికి కలదు, కల్యాణ మంటపమునకు కలదు. మాతృభాష యను ఖాతాకు శీర్షిక మాత్రము వ్రాయబడి, క్రింద పుట తెల్లగా నున్నది. 'ఇంట గెలిచి రచ్చ గెలువుము' అని పెద్దలందురు. మనము రచ్చ గెలిచితిమి. కళాశాలలు కట్టితిమి, మిల్లులు నడిపితిమి, రాష్ట్రమును పాలించితిమి. ఇంట మాత్రము గెలుపు ఇంకను మిగిలియున్నది.

దీనికి లక్షలు కావలెనని, గొప్ప దాత రావలెనని కొందరనుచుందురు. ఈ సీమ చరిత్ర అట్లు చెప్పుటలేదు. ముప్పది కుటుంబములు కలిసి, ఇంటికి రోజునకు రెండు రూపాయలు తీసి డబ్బాలో వేసినచో నెలకు 1,800 రూపాయలగును. పలకలకును, వాచకములకును, చావడిలో దీపమునకును అది చాలును. బోధించువారికి జీతమక్కరలేదు. తెలుగు చదువను వ్రాయను వచ్చిన ఉద్యోగ విరమణ చేసినవారు, అమ్మమ్మలు, నాయనమ్మలు మనలో నింకను కలరు. ఆదివారమునాడు ఒక గడియ కాలము వారు తీసిపెట్టు పిడికెడు బియ్యము. వారములు చేసుకొనిన పిల్లవానివలె తెలుగక్షరమును ఈ వార మొక యింట, పై వార మొక యింట పోషింపవచ్చును. వచ్చు పిల్లలలో ఏ కులమువాడని అడుగవలదు; అరుంధతీయుల వాడనుండి వచ్చిన పిల్లవానికి ముందు వరుసలో పలక ఈయవలెను. వాని ఇంటి తెలుగు మన ఇంటి తెలుగుకన్న గట్టిదై యుండవచ్చును. వారి పలుకుబడిలోని పాతమాటలను పెద్దపిల్లలు నోటుపుస్తకములో వ్రాసి యుంచినచో అది మరియొక జమ.

ఊరణిని త్రవ్వినవాడు తన దాహమునకే త్రవ్వలేదు. చెట్టు నాటినవాడు తన నీడకే నాటలేదు. మనకు దక్కిన మాట మనతోనే ఇంకిపోవుట న్యాయము కాదు. ఈ సంచిక చేతికందిన ప్రతి గృహమునందును ఒక క్రొత్త కుండ పెట్టబడుగాక. దానిలో దినమున కొక పిడికెడు పడుగాక. నల్లరేగడిలోని ఈ తెలుగు లంకలు తమిళ సోదరుల స్నేహముతో, తమ పలుకుతో, తమ వ్రాతతో చిరకాలము వర్ధిల్లుగాక.